రెండో గడి

ఫారంలో ఖాళీగా ఉన్న రెండో గడిలో అక్బర్ ‘హెచ్.ఆర్.’ అని రాసేశాడు. అఫ్రీన్‌ను అడగనైనా అడగలేదు. రాసి, పెన్ను మూత పెట్టి, సిరా ఆరడానికి కాగితాన్ని ఫ్యాను కింద పట్టుకుని అటూ ఇటూ ఊపుతున్నాడు.

“ఇచ్చేయ్ బావా,” అంది అఫ్రీన్.

“ఆరనీ.”

“అది నా ఫారం.”

“నీదే. కాదన్నానా? పైన పేరు నీదే రాసుకుండావు గదా.”

ఎం.బి.ఏ. రెండో ఏడాదిలో రెండు సబ్జెక్టులు ఎంచుకోవాలి. మొదటి గడిలో ‘సప్లై చైన్’ అని ఆమె ఎప్పుడో రాసుకుంది. హిందూపురం పోయి నాయనతో ఒక మాట చెప్పి రాద్దామని రెండోది ఖాళీగా ఉంచింది. సోమవారం సాయంత్రంలోగా ఫారాన్ని బెంగళూరులో కాలేజీ కౌంటరులో ఇవ్వాలి. ఇవాళ ఆదివారం. ప్రాజెక్టు ఫైలులో పెట్టి మంచం మీద వదిలేసి స్నానానికి పోవడం తన తప్పే. ధర్మవరంలో అక్కగారింట్లో మంచం మీద పెట్టిన ఏ కాగితాన్నైనా బావ చదువుతాడు. అర్థం కానివాటిని మరీ శ్రద్ధగా చదువుతాడు.

ఇంటర్ రెండుసార్లు తప్పాక అక్బర్‌కు ఇతరుల చదువుల మీద అధికారం వచ్చింది. ఎవరి పిల్లలు ఏ గ్రూపు తీసుకోవాలో, ఎవరు ఏ ఊళ్లో చేరాలో వీధిలో అతనే చెబుతాడు. ఇంటి కింది భాగంలో పట్టుదారం వ్యాపారం, పై భాగంలో సలహాలు.

“సప్లై చైన్ అంటే ఏముండాదిలే దాంట్లో,” అన్నాడు. “సరుకు ఈడ ఎక్కించేది, ఆడ దించేది. మీ నాయన ఏ సదువూ లేకుండానే గూళ్ల మార్కెట్టుకు పోయి పట్టుగూళ్లు తెస్తాండాడు, దారం తీస్తాండాడు, నాకు పంపిస్తాండాడు. అదే గదా చైను? దానికి బెంగళూరు పోవాల్నా?”

“అంతే అయితే దాని పక్కన హెచ్.ఆర్. మాత్రం ఏంటికి?”

“ఆడపిల్లకు మర్యాదైన పని కాబట్టి. ఏసీ రూములో కూర్చుంటావు. ఎవరొచ్చినారు, ఎవరు రాలేదు రాసుకుంటావు. పెనుకొండ రోడ్డులో ఫ్యాక్టరీ ఉండాదే, ఆడ మాట్లాడిపెట్టినా. మేనేజరు చూస్తానన్నాడు. నిన్ను హిందూపురంలో నేనే దించుతా, పోతా పోతా ఆడ ముఖం చూపించు.”

అక్క పర్వీన్ ఉగ్గాని పళ్లేలు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. చెల్లెలి వైపు చూడలేదు. పర్వీన్ పెళ్లై ఈ ఇంటికి వచ్చి ఆరేళ్లయింది. అక్క మాట్లాడకుండా ఉండటం ఎప్పుడు నేర్చుకుందో అఫ్రీన్‌కు తెలియదు. చిన్నప్పుడు నిద్రలో కూడా మాట్లాడేది.

“నేను ఇంటర్నేషనల్ ట్రేడ్ తీసుకుంటాండా,” అంది అఫ్రీన్.

“అంటే?”

“దేశం బయటినుంచి సరుకు ఎట్ల వస్తాది, పోర్టులో ఏ కాగితాలు చూపిస్తారు, దేనికి పన్ను కడతారు, దేనికి కట్టరు. అది.”

అక్బర్ నవ్వాడు. నోట్లో ముద్ద ఉండగా నవ్వాడు.

“ఇన్నావా పర్వీన్? మీ చెల్లెలు ఓడలు నడుపుతాదంట. ఏమ్మే, సముద్రం చూసినావా నువ్వు?”

“నువ్వు చూసినావా?”

“మద్రాసులో చూసినా. రెండుసార్లు.”

“అయితే నీకు తెలిసే ఉంటాది. చైనా దారం దిగిన వారం హిందూపురం మార్కెట్టులో గూళ్ల ధర పడిపోతాది. ఏంటికి పడిందో మా నాయనకు ఎవరూ చెప్పరు. వర్షం రాలేదంటారు, పురుగు మంచిది కాదంటారు. ఆ కాగితాలు చదివేది మా ఇంట్లో ఒక్కరికైనా తెలియాల గదా.”

అక్బర్ నవ్వు ఆగింది. పళ్లెం పక్కకు నెట్టాడు.

“చైనా దారం సంగతి నీకేంటికి?”

“నా ప్రాజెక్టే అది. గూడు నుంచి చీర దాకా పట్టు ఎట్ల పోతాదని.”

“ప్రాజెక్టు కాలేజీలో చేసుకో. నా ఇంట్లో చైనా మాట ఎత్తొద్దు.”

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. అఫ్రీన్ అటు చూసింది. పర్వీన్ వీపు మాత్రమే కనిపించింది.

ఫారం తీసుకుని ఫైలులో పెట్టుకుని ఆమె మెట్లు దిగింది.

రెండు వీధుల అవతల గంగాధరప్ప ఇల్లు. మూడు మగ్గాలు. ఆయన ఇరవై ఏళ్లుగా అఫ్రీన్ నాయన షబ్బీర్ తీసిన దారమే నేస్తున్నాడు. ప్రాజెక్టులో ఆఖరి పేజీలు ఆయనతో మాట్లాడి రాయాలి. ఆదివారమైనా మగ్గం ఆగలేదు. ఆయన కూతురు రాధిక గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది.

“రామ్మా. మీ నాయన బాగుండాడా?” అన్నాడు గంగాధరప్ప. “ఏం మాయ చేసినాడో గానీ, దారం శానా బాగా వస్తాండాది. మునుపు తెగి తెగి సచ్చేది. మా రాధిక పొద్దంతా ముడులు వేసుకుంటానే ఉండేది. ఇప్పుడు చూడు, నీళ్లు పోసినట్ల పోతాండాది. మిషను మార్చినాడా?”

“ఎప్పట్నుంచి మామా?”

“ఉగాది కాడ్నించి.”

ఆయన చూపిన కట్టలకు లేబుళ్లు కట్టి ఉన్నాయి. ‘షబ్బీర్ సిల్క్స్, హిందూపురం’. అఫ్రీన్ ఒక కట్టను చేతిలోకి తీసుకుని రెండు వేళ్ల మధ్య దారాన్ని జార్చింది. నాయన తీసే దారం ఆమె వేళ్లకు తెలుసు. జానెడు జానెడుకీ ఎక్కడో ఒకచోట చిన్న లావు తగులుతుంది. ఇది ఎక్కడా తగల్లేదు. మొదటినుంచి చివరిదాకా ఒకే మందం. నాయన నాలుగు వేడినీళ్ల బేసిన్ల మీద ఇలాంటి దారం రాదు. జన్మలో రాదు.

“మీ నాయన నాకు మాటిచ్చినాడమ్మా,” అంటున్నాడు గంగాధరప్ప. “హిందూపురం గూళ్లు తప్ప ఇంకోటి ముట్టనని. ఆ మాట మీదనే చీరలు అమ్ముతాండా. ఎవరడిగినా ఇది మన నేల మీద పుట్టిన పట్టు అని చెప్తాండా. శానామంది చైనా వాటికి ఎగబడినారు. నేను పోలా. మనిషికి ఒక మాట ఉండాల గదా.”

ఆమె తలూపింది. నోట్‌బుక్ తెరిచింది గానీ ఏమీ రాయలేదు.

తిరిగి వచ్చేసరికి అక్బర్ కొట్టు షట్టరు సగం ఎత్తి ఉంది. వంగి లోపలికి చూసింది. గోడ పొడవునా తెల్ల అట్టపెట్టెలు. వాటి మీద చైనా అక్షరాలు. కింద ఇంగ్లీషులో సరుకు ఎవరికి వచ్చిందో అచ్చువేసి ఉంది. పెనుకొండ రోడ్డులోని ఆ ఫ్యాక్టరీ పేరే.

మొన్న క్లాసులో చెప్పిన పాఠం ఆమెకు గుర్తుంది. విదేశాలకు అమ్మే బట్ట నేస్తామని రాసిచ్చిన ఫ్యాక్టరీకి దారం పన్ను లేకుండా వస్తుంది. ఆ దారం ఆ ఫ్యాక్టరీ దాటకూడదు. దేశంలో ఎవరికీ అమ్మకూడదు. క్లాసులో అది పాఠంలోని ఒక పేరా మాత్రమే. ఇక్కడ పెట్టెల మీద పెట్టెలుగా నిలబడి ఉంది. పైపెట్టె తెరిచి, కట్టలు తీసి, నాయన పేరు కట్టి ఉంచారు.

ఇంత చవకబారు దొంగతనం చేసే మనిషి తన చదువుకు దారి చూపిస్తున్నాడు. ఆమెకు కోపం రాలేదు. ఆ ఫ్యాక్టరీని తన కళ్లతో చూడాలనిపించి కారెక్కింది.

కారులో ముప్పావు గంటసేపు అక్బర్ ఒక్కడే మాట్లాడాడు. అఫ్రీన్ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పెనుకొండ గుట్ట, దాని మీద కోట గోడ కనిపించాక కారు రోడ్డు పక్క గేటులోకి తిరిగింది.

మేనేజరు సుబ్బరాయుడు వాళ్లను కూర్చోమనలేదు. కూర్చున్నాక అభ్యంతరం చెప్పలేదు.

“ఏమబ్బా అక్బరూ, ఈమేనా?”

“మా మరదలు సార్. ఎం.బి.ఏ. రెండు సబ్జెక్టులు.”

“ఏవేవి?”

“సప్లై చైన్, హెచ్.ఆర్.,” అన్నాడు అక్బరే.

“సప్లై చైన్ మాకేం పనికి రాదు. హెచ్.ఆర్. చాలు. మిషన్ల కాడ పిల్లోళ్లు ఎవరెవరు వచ్చినారో రిజిస్టరులో సంతకాలు పెట్టించాల. ఎవరన్నా ఏడిస్తే ఓదార్చాల. ఆడపిల్ల చెప్తే ఇంటారు.”

“ఓదార్చేదానికి రెండేళ్లు చదవాల్నా సార్?” అంది అఫ్రీన్.

సుబ్బరాయుడు మొదటిసారి ఆమె వైపు చూశాడు. అక్బర్ కాలితో ఆమె చెప్పును తాకాడు.

“ఈడ నేసే పట్టుబట్ట ఏ దేశానికి పోతాది సార్?” అని అడిగింది మళ్లీ. “ప్రాజెక్టులో రాసుకుంటా.”

“పోతాది. అన్ని దేశాలకూ పోతాది.”

“ఒకటి చెప్పండి చాలు.”

గోడ అవతల కుట్టుమిషన్లు ఆడుతున్నాయి. పట్టుమగ్గం చప్పుడు ఒక్కటి లేదు. సుబ్బరాయుడు అక్బర్ వైపు తిరిగి చాలా నెమ్మదిగా అన్నాడు.

“అబ్బా, ఈమెకు ఇంకో సబ్జెక్టు ఏదన్నా చూడు. టైలరింగు బాగుంటాది.”

బయటికి వచ్చాక అక్బర్ కారు తలుపు తెరవలేదు.

“నన్ను తలెత్తుకోకుండా చేసినావు.”

“నీ తల సంగతి నాకు తెలీదు బావా. మా నాయన పేరు నీ కొట్టులో వేలాడతాండాది. చూసినా.”

అక్బర్ ఉలిక్కిపడతాడని ఆమె అనుకుంది. అతను తాళంచెవుల గుత్తి వేలికి తగిలించుకుని తిప్పాడు.

“చూసినావా? మంచిది. పోయి మీ నాయననే అడుగు. ఏం చెప్తాడో ఇనుకో. ఆ తర్వాత ఏ గడిలో ఏం రాసుకుంటావో నీ ఇష్టం.”

ఆమె నడుచుకుంటూ రోడ్డు మీదికి వచ్చి హిందూపురం బస్సెక్కింది.

బస్సులో కూర్చున్నంతసేపూ నాయనకు ఎలా చెప్పాలా అనే ఆలోచించింది. ముప్పై ఏళ్లు వేడినీళ్లలో చేతులు పెట్టి దారం తీసిన మనిషి. వేళ్ల కొసలు ఎప్పుడూ తెల్లగా నానిపోయి ఉంటాయి. తన పేరును అల్లుడు దొంగిలించాడని తెలిస్తే ఎలా తట్టుకుంటాడు. మెల్లగా చెప్పాలి, అమ్మ పక్కన ఉన్నప్పుడు చెప్పాలి అనుకుంది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో పొయ్యి చల్లగా ఉంది. షబ్బీర్ రాట్నం బెల్టుకు కుట్టు వేస్తున్నాడు. అమ్మ ఖైరున్‌బీ చేటలో గూళ్లు పోసుకుని మచ్చలున్నవి ఏరుతోంది. చేట అడుగు కనిపిస్తోంది. అన్ని తక్కువ గూళ్లు.

“పొయ్యి వెలిగించలేదా నాయనా?”

“తొమ్మిది దినాలాయ. నువ్వు వస్తాండావని మీ బావ ఫోన్ చేసినాడు.”

“ఏం చెప్పినాడు?”

“ఫారం మీద సంతకం పెట్టమన్నాడు. నువ్వు ఏదో అడుగుతావని కూడా చెప్పినాడు.”

ఆమె మెల్లగా చెప్పాలనుకున్నదంతా ఎటో పోయింది. గంగాధరప్ప ఇంట్లో చూసిన కట్టలు, కొట్టులోని పెట్టెలు, ఫ్యాక్టరీ, అన్నీ వరసగా చెప్పేసింది. షబ్బీర్ బెల్టు కుట్టడం ఆపలేదు. సూది లాగుతూ విన్నాడు.

“బావ దొంగతనంగా లేబుళ్లు అచ్చేయించుకున్నాడు నాయనా.”

“దొంగతనంగా కాదు,” అన్నాడు షబ్బీర్. “నేనే ఇచ్చినా.”

ఖైరున్‌బీ చేతిలోని గూడు చేటలో పడింది. ఆమెకు కూడా ఇప్పుడే తెలిసినట్టుంది.

“ఏంటికి?” అంది అఫ్రీన్.

“నా దారం అమ్ముడుపోవడంలే అన్నాడు. పేరుకైతే గిరాకీ ఉండాదన్నాడు. దారం వద్దంట, పేరు చాలంట. ఒక కట్ట లేబుళ్లు ఇచ్చి డబ్బు తీసుకున్నా. మళ్లీ అడిగినాడు, ఇచ్చినా.”

“గంగాధరప్ప మామ నీ మాట మీద చీరలు అమ్ముతాండాడు. నువ్వు మిషను మార్చినావనుకుంటాండాడు. నిన్ను పొగుడుతాండాడు నాయనా. నీకు సిగ్గు...”

అక్కడ ఆగింది. ఆపినా మాట ఆయనకు చేరిపోయింది.

“సిగ్గుగానే ఉండాది,” అన్నాడు షబ్బీర్. “దినమూ ఉండాది. అడిగినోళ్లు లేక చెప్పలా.”

పొద్దుటినుంచి అక్బర్ మీద, సుబ్బరాయుడి మీద కూడబెట్టుకున్న ఏవగింపంతా ఆమెలో ఒక్కసారి చోటు మారింది. ఎదురుగా బెల్టు కుట్టుకుంటున్న ఈ మనిషి మీద పడింది. బావ మోసగాడని ఆమెకు ఎప్పుడూ తెలుసు, అందుకే అది తేలిక. ఇది తేలిక కాదు. గూళ్ల మార్కెట్టులో నాయన చెయ్యి పట్టుకుని నడిచిన చిన్నప్పటి రోజుల్ని కూడా ఎవరో మురికి చేసినట్టనిపించింది.

“నా చదువు కోసం చేసినా అని చెప్పు,” అంది. “అది కూడా చెప్పేయ్. ఇంటా.”

“చెప్పను. చెప్తే నీ నెత్తిన పెట్టినట్లవుతాది. ఫారం తే.”

ఆమె ఫైలులోంచి తీసి ఇచ్చింది. అక్బర్ రాసిన రెండు అక్షరాల వైపు షబ్బీర్ కాసేపు చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు.

“ఇదేనా నీకు వద్దనేది?”

“అదే.”

పెన్ను తీసుకుని ఆ రెండక్షరాల మీద అడ్డంగా గీత గీశాడు. గీత పక్కన సంతకం, కింద మళ్లీ ఒక సంతకం చేశాడు. తెలుగులో, గుండ్రంగా, ఏ అక్షరమూ విడవకుండా.

“ఇంక నీకేం కావాల్నో నువ్వే రాసుకో పాపా. ఒకటి మాత్రం ఇను. ఆ కాగితాలు చదివే సదువు నువ్వు సదివితే, నీకు మొదట దొరికేది మీ బావ కాదు. పెట్టెల మీద ఆయన పేరు యాడా లేదు. కట్టల మీద ఉండేది నా పేరు.”

ఖైరున్‌బీ చేట తీసుకుని లోపలికి పోయింది. ఆ సాయంత్రం ఇంట్లో ముగ్గురూ ఉప్పు, నీళ్లు, తలుపు గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు.

సోమవారం పొద్దున బెంగళూరు ప్యాసింజరులో గౌరిబిదనూరు దాటేదాకా అఫ్రీన్ ఫారాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రాయకపోతే? మార్కెటింగ్ అని రాయవచ్చు. ఫైనాన్స్ అని రాయవచ్చు. ఎవరికీ ఏమీ కాదు. గంగాధరప్ప పొగుడుతూనే ఉంటాడు, రాధిక నేస్తూనే ఉంటుంది. అలా అనుకున్నప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది. నాయన కూడా మొదటి కట్ట లేబుళ్లు ఇచ్చేటప్పుడు ఇలాగే అనుకుని ఉంటాడు, ఎవరికీ ఏమీ కాదని.

రైలు కుదుపుకు అక్షరాలు వంకరపోయాయి. అయినా చదవడానికి వీలుగానే పడ్డాయి. ‘ఇంటర్నేషనల్ ట్రేడ్’.

కౌంటరులో గుమస్తా కొట్టివేతనూ, పక్కన సంతకాన్నీ చూసి ముఖం చిట్లించాడు. ఈ సబ్జెక్టు అడిగింది ఆమెతో కలిపి ఏడుగురేనట. ఎనిమిదిమంది కాకపోతే క్లాసు పెట్టరట. అప్పుడు అందరినీ హెచ్.ఆర్.లో వేస్తారట. బుధవారం నోటీసు బోర్డు చూసుకోమని చెప్పి ముద్ర కొట్టాడు.

ఆమె మెట్లు దిగుతుండగా ఫోను మోగింది. ఖైరున్‌బీ.

“మీ నాయన నీ రైలు పోయినంక ధర్మవరం బండెక్కినాడే. ఉతికిన చొక్కా ఏసుకుని పోయినాడు.”

“బావ దగ్గరికా?”

“కాదు. గంగాధరప్ప ఇంటికంట. ఆయనతో ఒక మాట చెప్పి వస్తానన్నాడు. ఇంతలోకే అక్బరు ఫోన్ చేసి మామ యాడ ఉండాడని అడిగినాడు. అల్లుడు గదా అని ఉన్నదున్నట్ల చెప్పినా. ఇని టక్కున పెట్టేసినాడే. నేనేమన్నా తప్పు చెప్పినానా?”

అఫ్రీన్ ఫోను పెట్టేసి అక్క నంబరు నొక్కింది. మూడోసారి మోగాక పర్వీన్ ఎత్తింది.

“అక్కా, బావ యాడ?”

“ఇప్పుడే పోయినాడు. గంగాధరప్ప ఇంటికి.” పర్వీన్ గొంతు మామూలుగా ఉంది. చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినిపించింది. “నేనూ పోతాండా.”

“నువ్వేంటికి?”

“ఆ కట్టలకు లేబుళ్లు కట్టింది నేనే అఫ్రీన్. ఉగాది కాడ్నించి ప్రతి ఒక్కటీ.”

అఫ్రీన్ మెట్ల మీద కూర్చుండిపోయింది. పైనుంచి దిగే పిల్లలు ఆమెను తప్పుకుని పోతున్నారు.

“ఆడికి పోయి ఎవరి తరఫున మాట్లాడతావక్కా?”

అటునుంచి గేటు గడియ తీసిన శబ్దం వచ్చింది. తర్వాత వీధి రొద. పర్వీన్ ఫోను మాత్రం పెట్టేయలేదు. చేతిలో అలాగే పట్టుకుని నడుస్తోంది.